నాన్న జాజ్ సెట్టు: అన్నయ్యకు కొత్తగా మెరవాలి, అమ్మకు అలాగే ఉండాలి

ప్రశ్న

హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె చెప్పిందంతా క్లుప్తంగా ఇదీ.

వాళ్ల నాన్నగారిది కాకినాడ. పగలు గుమస్తా ఉద్యోగం, రాత్రిళ్లు ఆర్కెస్ట్రాలో జాజ్ డ్రమ్స్. వినాయక చవితి పందిళ్లు, శ్రీరామనవమి, పెళ్లి రిసెప్షన్లు ఏవైనా సరే, చుట్టుపక్కల ఆయన వాయించని ఊరు లేదట. సెట్టు ఇంగ్లండులో తయారైన ప్రీమియర్. 1960ల నాటిది. మద్రాసులో ఒక ఆంగ్లో ఇండియన్ వాద్యకారుడు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ అమ్మితే నాన్న అప్పు చేసి కొన్నారు. డ్రమ్ముల చుట్టూ ముత్యం మెరుపున్న తెల్ల ర్యాప్ (చెక్కకు అతికించిన ప్లాస్టిక్ తొడుగు), కాలితో వాయించే పెద్ద బేస్ డ్రమ్ ముందు హెడ్ (డ్రమ్ముకు బిగించే పలుచని పొర) మీద ఎర్ర పెయింటుతో ఆర్కెస్ట్రా పేరు. కీబోర్డులోనే తాళం వచ్చేశాక డ్రమ్మరు అక్కర్లేకపోయాడు, సెట్టు అటకెక్కింది. మూడేళ్ల కింద నాన్న పోయారు. వీలునామా లేదు. నాయనమ్మ అంతకు ముందే పోయారు.

అమ్మ మాత్రం ఏటా దసరాకు అన్నీ కిందికి దింపించి, ఆయుధపూజలో పసుపూ కుంకుమా పెట్టి, మళ్లీ ఎక్కిస్తారు. బెంగళూరులో ఉన్న అన్నయ్యకు పదమూడేళ్ల కొడుకు, డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. సంక్రాంతికల్లా సెట్టును 'షోరూం నుంచి వచ్చినట్టు' చేయించి వాడికివ్వాలని అన్నయ్య పట్టుదల. అది కుదరకపోతే అమ్మేద్దాం, బీటిల్స్ డ్రమ్మరు వాయించిన కంపెనీ, లక్షలొస్తాయి అంటున్నారు. 'నేనుండగా వాటి జోలికి రావొద్దు' అని అమ్మ.

మధ్యలో ఈమె నలిగిపోతున్నారు. అన్నయ్య చెప్పాడని సెట్టులో టామ్‌లనే రెండు డ్రమ్ములను, 12 అంగుళాల టామ్‌నూ, నేల మీద నిలబెట్టే 16 అంగుళాల ఫ్లోర్ టామ్‌నూ, హైదరాబాద్ తెచ్చుకుని కొత్త హెడ్లు కొంటే రెండూ ఎక్కలేదు. చిన్న టామ్‌ను ఒక దుకాణంలో చూపిస్తే 'చెక్క ఉబ్బిపోయిందమ్మా, ర్యాప్ పీకేసి చుట్టూ చెక్క అరగదీసి కొత్త ర్యాప్ వేస్తాం, ఇనుప సామానంతా మళ్లీ క్రోమ్ కొట్టిస్తాం' అన్నారట. అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. ఇంట్లో ఉన్న ఫ్లోర్ టామ్‌ను గిన్నెలు తోమే సబ్బు బిళ్లతో తుడిస్తే అమ్మ పెట్టిన పసుపు బొట్టు పోకపోగా ఎర్రగా మారింది. ఇది చాలదన్నట్టు కాకినాడలో పనమ్మాయి సెట్టులోని జిల్డ్‌జియన్ కంపెనీ సింబల్‌ను (కర్రతో కొట్టే లోహపు పళ్లెం) చింతపండుతోనూ ఇత్తడి సామాన్ల పొడితోనూ తోమి తళతళలాడించింది. దాని మీద సిరాతో ఉన్న అక్షరాలు పోయాయి. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

'దుకాణదారు చెప్పింది చేయించెయ్యనా? అన్నయ్యకేం చెప్పను, అమ్మకేం చెప్పను? ఏది చేస్తే నాన్న సంతోషించేవారు?' అని అడుగుతున్నారు.

సమాధానం

ముందుగా ఒక పని చేయండి. ఈ పేజీ పక్కన పెట్టి ఆ దుకాణానికి ఫోన్ చేసి, టామ్‌ను ముట్టుకోవద్దని చెప్పి, వీలైతే ఇవాళే తెచ్చేసుకోండి. అడ్వాన్సు వెనక్కి రాకపోయినా సరే. మిగతా విషయాలన్నీ నిదానంగా తేల్చుకోవచ్చు. చెక్కను ఒకసారి అరగదీశాక అతికించే ఉపాయం లేదు.

మీ టామ్ ఉబ్బలేదు. అది పుట్టుకతోనే అంత. 1960ల చివరి దాకా ప్రీమియర్ వాళ్లు టామ్‌లను అమెరికా కొలతల కన్నా కాస్త వెడల్పుగా చేసేవారు. ఇప్పుడు 12 అంగుళాల టామ్ అంటే, హెడ్ సులువుగా జారి కూర్చోవాలి కాబట్టి, చెక్క వెడల్పు 12 అంగుళాల కన్నా కొద్దిగా తక్కువే ఉంటుంది. మీ దాని పాత హెడ్ తీసి, ర్యాప్‌తో కలిపి అడ్డంగా కొలవండి. 305 మిల్లీమీటర్లో, ఇంకా ఎక్కువో వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. 12, 16 అంగుళాల వాటికి రెండిటికీ ఇదే తంటా. ఆ పాత కొలతలకు సరిపడా హెడ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, ధర ఎక్కువ, కొన్ని వారాలు పడుతుంది. అయినా చెక్క అరగదీయించే ఖర్చు కన్నా మేలు. బేస్ డ్రమ్‌కు మామూలు హెడ్లే సరిపోవాలి.

దుకాణదారు మిమ్మల్ని మోసం చేశాడని నేననడం లేదు. మన దగ్గర ఇలాంటి పాత బ్రిటిష్ సెట్లు చేతికి తగిలేది తక్కువ. హెడ్ ఎక్కకపోతే చెక్క ఉబ్బిందనుకోవడం సహజం. పైగా అది ఎలాంటి చెక్కో చూడండి: పలుచని పొరలు అతికించి చేసిన డొల్ల, అది వంగిపోకుండా లోపల అంచుల్లో బీచ్ చెక్క రింగులు. చుట్టూ అరగదీస్తే ఆ పైపొర పోతుంది. డొల్ల నిలబడేదీ మోగేదీ ఆ కొద్ది మందంతోనే.

ఇక మీ ఇంటి తగాదా. నాకు కనిపించినంతలో మీ ముగ్గురికీ మూడు వేర్వేరు వస్తువులు కావాలి. అమ్మకు ఆయన చేతి గుర్తులున్న సెట్టు కావాలి. అన్నయ్యకు కొడుకు వాయించే సెట్టు, లేదా డబ్బు. మీకు ఇద్దరి మధ్యా పోరు ఆగాలి. ఉన్నది ఒక్కటే కాబట్టి ఏ దారి పట్టినా ఎవరికో కొంత లోటు తప్పదు. ఆ లోటు తర్వాత సరిదిద్దుకోగలిగేదా, కాదా అన్నది చూసి నిర్ణయించుకోమంటాను.

అన్నిటికన్నా ముందు శుభ్రం చేయడం ఉంది. అందులో ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు, సరిగ్గా చేస్తే.

పసుపు సంగతి చూద్దాం. సబ్బు బిళ్లలో క్షారం ఉంటుంది, పసుపుకు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపులో సున్నం కలిపి హారతికి ఎర్రనీళ్లు చేస్తాం కదా, అదే ఇది. ర్యాప్ పాడవలేదు, భయపడకండి. మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో నాలుగైదుసార్లు తుడిచి సబ్బు వదిలించండి. ఎరుపు తగ్గి మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. కిటికీ పక్కన నీడపట్టున కొన్ని రోజులు ఉంచితే చాలావరకు వెలిసిపోతుంది. తొందరపడి మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టొద్దు. వేడికి పాత ర్యాప్ ముడుచుకుని అతుకు దగ్గర లేచిపోతుంది. కుంకుమ వేరే కథ. కొట్లో దొరికే కుంకుమలో కలిపిన రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకితే రాదు. ఆ చుక్క అలా ఉండనివ్వండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, స్పిరిట్ లాంటివి మాత్రం దగ్గరికే రానివ్వకండి. ఆ కాలపు ర్యాప్ వాటికి కరిగి మసకబారుతుంది, ఆ మసక ఇక పోదు. తెలుపు మీగడ రంగుకు తిరగడం మురికి కాదు, వయసు. దాన్ని తోమి తెల్లగా చేయలేరు.

విప్పేటప్పుడు ఒక్కసారి ఒక్క డ్రమ్మే విప్పండి. ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు. ఏ డ్రమ్ బోల్టులు ఆ డ్రమ్‌కే వేరే కవర్లో, పైన చీటీ. ఆ కాలపు బ్రిటిష్ బోల్టుల మర ఇప్పటి అమెరికన్ బోల్టులతో కలవకపోవచ్చు. ఒక్కటి పోయినా బజారులో దొరక్క ఏడిపిస్తుంది. దొరికిన కొత్త బోల్టు బిగుతుగా ఉందని బలవంతంగా తిప్పారో, లోపలి మర చెడిపోతుంది. జిడ్డు పట్టి బిగుసుకున్నవాటిని ఒక రాత్రి కిరసనాయిల్లోనో, అది దొరక్కపోతే మరలు వదిలించే నూనెలోనో నాననిచ్చి, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో మర తోమి, తుడిచి, కొంచెం వాజలీన్ రాసి బిగించండి.

హెడ్‌ను బిగించి పట్టే లోహపు రిమ్ముల మీద తుప్పు చుక్కలుంటాయి. సముద్రపు గాలిలో అన్నేళ్లున్నాక లేకపోతేనే వింత. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును ఉండచేసి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన, గీతలు పడవు, తుప్పు మాత్రం వదిలొస్తుంది. తర్వాత బాగా ఆరబెట్టి కుట్టుమిషను నూనె పలుచగా పూయండి. క్రోమ్ తినేసిన చోట సన్నటి గుంటలు మిగులుతాయి, మిగలనివ్వండి. డ్రమ్ పక్కన బోల్టులు దిగే పోత ముక్కలను మాత్రం వినిగర్‌లోనో తుప్పు వదిలించే యాసిడ్‌లోనో నానబెట్టొద్దు. అవి జింకు మిశ్రమంతో పోసినవి. యాసిడ్ క్రోమ్ కిందికి దిగి లోహాన్నే తింటుంది. మొత్తం సామాను మళ్లీ క్రోమ్ కొట్టిస్తామన్న మాటలో నాకు అన్నిటికన్నా భయం వేసింది ఇక్కడే. పాత క్రోమ్ వదిలించడానికి ముంచే యాసిడ్‌కు ఇలాంటి ముక్కలు కొన్ని గుల్లబారి తిరిగొస్తాయి. దెబ్బతినకుండా వచ్చినవి కూడా పాలిషింగ్ చక్రం మీద అంచులు అరిగి మొండిగా తయారవుతాయి.

డొల్లల లోపలికి తడి వద్దు. మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. అటక మీద ఉన్నాయి కాబట్టి వేలితో తట్టుకుంటూ చుట్టూ తిరగండి. ఎక్కడైనా బోలుగా, మట్టిగా మోగితే చెద పట్టిందేమో చూడాలి. లోపల వార్నిష్ వేద్దాం, ఇసుక కాగితం పడదాం అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. డొల్ల లోపల ఒక్కోసారి కంపెనీ ముద్రలుంటాయి, రిపేరు చేసినవాళ్ల పెన్సిలు రాతలుంటాయి. మీ నాన్నగారు కూడా ఏదైనా రాసి ఉండొచ్చు, టార్చి వేసి వెతకండి. హెడ్ ఆనే అంచు చదునుగా ఉందో లేదో చూడ్డానికి మిషన్లు అక్కర్లేదు. వంటింటి గ్రానైటు గట్టు మీద బోర్లించి, గదిలో లైటు తీసేసి, లోపల సెల్‌ఫోన్ టార్చి వెలిగించండి. అంచు కింద ఎక్కడ వెలుతురు గీత కనబడితే అక్కడ ఎత్తుపల్లం ఉన్నట్టు. కాస్త కనబడితే పట్టించుకోకండి, కొత్త హెడ్ సర్దుకుంటుంది.

పాత హెడ్లను పారేయకండి. వాటి మీది కర్ర దెబ్బల గుర్తులు అమ్మకు ఎంత విలువైనవో మీకు నేను చెప్పాలా. 'ఎవర్‌ప్లే' అన్న ముద్ర ఉన్నదేదైనా ఉంటే అది ప్రీమియర్ వాళ్ల సొంత హెడ్, సెట్టుతో పాటు ఉండాల్సిన వస్తువు. ఆర్కెస్ట్రా పేరున్న బేస్ డ్రమ్ హెడ్‌ను నీళ్లతో కూడా తుడవొద్దు. ప్లాస్టిక్ మీద పెయింటు పట్టు అంతంతే, పొరలుగా లేచొస్తుంది. చుట్టచుట్టకుండా, రెండు అట్టల మధ్య పడుకోబెట్టి దాచండి.

సింబల్ విషయంలో అమ్మ బాధ న్యాయమే, కానీ ధ్వని పోయిందని మాత్రం ఆమె దిగులుపడక్కర్లేదు. జిల్డ్‌జియన్ వాళ్ల పేరున్న సింబళ్లు ఎక్కువగా నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. అంటే మన కంచే, గుడి గంట జాతి. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైన వంశం వాళ్లది, ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. చింతపండు కంచుకు కొత్తేమీ కాదు. పైన పట్టిన నలుపును తీసేసింది, అంతే. మోత కాస్త పదునుగా అనిపిస్తుందేమో, కొన్నేళ్లకు మళ్లీ రంగు తిరిగి మామూలవుతుంది. సిరా అక్షరాలు తిరిగి రావు. కానీ లోహంలోకి అచ్చుగుద్దిన ట్రేడ్‌మార్కు ఉంటుంది, చేత్తో తడిమితే తగులుతుంది. అది ఉన్నంతవరకు ఆ సింబల్ ఎవరిదో రుజువు పోయినట్టు కాదు. మిగతా వాటిని మాత్రం ఉత్త నీళ్లతో తుడిచి వదిలేయమనండి. అంచుల్లోనూ నడిమి రంధ్రం చుట్టూనూ వెంట్రుకంత చీలిక ఉందేమో చూసుకోండి. చీలిక ఉన్న సింబల్‌ను పిల్లాడు వాయిస్తే అది పాకుతుంది. పనమ్మాయిని ఇక ఏమీ అనకండి, ఆమె శ్రద్ధగానే తోమింది.

ఇంతవరకూ చేసినవాటిలో ఏదీ సెట్టు రూపం మార్చదు. దీని తర్వాత మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఒకటి, అక్కడితో ఆపేయడం. అమ్మకు ఇష్టమైనది ఇదే. ఖర్చు దాదాపు ఉండదు. కానీ మళ్లీ అటకెక్కిస్తే మాత్రం ఒప్పుకోను. శ్లాబు కింద ఎండాకాలపు వేడికి ర్యాప్ ఊడుతుంది, వానాకాలం చెమ్మకు చెక్క పొరలు విడతాయి. కింది గదిలో లోపలి గోడ పక్కన, పైన పాత దుప్పటి కప్పి ఉంచాలి. ఆ చోటు అమ్మ ఇంట్లో ఉందా అన్నది మీరే చూడాలి. ఈ దారిలో మేనల్లుడికి దక్కేదేమీ లేదు. అన్నయ్య ఊరుకున్నా మనసులో ఉంచుకుంటారు.

రెండోది, రూపం మార్చకుండా వాయించే స్థితికి తేవడం. పాత కొలత హెడ్లు తెప్పించి వేస్తారు, పాత హెడ్లు అమ్మ దగ్గరే ఉంటాయి. నా మొగ్గు ఇటే అని దాచుకోను. అయితే దీనికీ ఖరీదుంది. పదమూడేళ్ల కుర్రాడు రోజూ రెండు గంటలు బాదితే ఏ సెట్టయినా అరుగుతుంది. రోజువారీ సాధనకు వాడికి చవకైన కొత్త సెట్టో ఎలక్ట్రానిక్ ప్యాడ్లో ఉండి, తాతగారిది పండగలకూ సెలవులకూ కాకినాడలో వాయించేలా ఉంటే రెండూ దక్కుతాయి. స్టాండ్లు కొత్తవి కొనండి. కొత్త స్టాండు బిగించడానికని టామ్‌కు కొత్త రంధ్రం మాత్రం ఎవరినీ వేయనివ్వకండి.

మూడోది అన్నయ్య అడిగింది, కొత్త ర్యాప్, కొత్త క్రోమ్. దీన్ని నేను పాపమనడం లేదు. ర్యాప్ ముక్కలై రాలిపోతుంటే, డొల్ల సగం చెడిపోయి ఉంటే అదే సరైన పని. మీ ఉత్తరం బట్టి మీ సెట్టుకు ఆ గతి పట్టలేదు. చేయిస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పిల్లాడు సంతోషిస్తాడు. పసుపు బొట్టూ, దెబ్బల గుర్తులూ, మీగడ రంగూ పోతాయి. పాత సెట్లు కొనేవాళ్ల దృష్టిలో విలువా తగ్గుతుంది. అమ్మ బతికుండగా ఇది చేయించడం నాకు ఇష్టం లేదు; అమ్మ తర్వాత మీరిద్దరూ కలిసి ఆలోచించుకోవచ్చు, అప్పటికి సెట్టు ఎక్కడికీ పోదు.

నాలుగోది అమ్మడం. అన్నయ్య చెప్పిన బీటిల్స్ ముక్క నిజమే. వాళ్ల డ్రమ్మరు రింగో స్టార్ 1963లో లడ్విగ్ అనే అమెరికా కంపెనీ సెట్టుకు మారేదాకా ప్రీమియరే వాయించాడు. కానీ అంతమాత్రాన ప్రతి ప్రీమియర్‌కూ లక్షలు రావు. ఆ కాలపు లడ్విగ్‌కు పలికే ధర సాధారణంగా ప్రీమియర్‌కు పలకదు. పైగా ఇక్కడి నుంచి విదేశానికి పంపే రవాణా ఖర్చు బేరంలో పెద్ద ముక్క తినేస్తుంది. అమ్మాలనే అనుకుంటే దుమ్ము దులపడం తప్ప ఏమీ చేయకుండా, ఉన్నదున్నట్టు ఫోటోలు తీసి, తోమిన సింబల్ సంగతి కూడా చెప్పి అమ్మండి. ముందు కొత్తదిలా చేయించి తర్వాత అమ్మితే రెండు వైపులా నష్టం.

ఇంకొక్క మాట, ఇది అన్నయ్యతో పోట్లాటకు కాదు, మీరు తెలుసుకోవడానికి. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి సొంత ఆస్తి 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది. నాయనమ్మ లేరు కాబట్టి మీ ఇంట మూడు వాటాలు: అమ్మ, అన్నయ్య, మీరు. ఇంటికీ పొలానికే కాదు, డ్రమ్ములకూ అంతే. అమ్మ వద్దంటుండగా అన్నయ్య ఒక్కరే అమ్మేయడానికి లేదు. మీరొక్కరే దుకాణంలో ఇచ్చి రావడానికీ లేదన్నమాట, నొచ్చుకోకండి.

అన్నయ్యతో ఫోన్లో మాట్లాడేటప్పుడు అమ్మ మనసుతో మొదలుపెట్టకండి, దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. హెడ్ ఎందుకు ఎక్కలేదో చెప్పండి, అరగదీస్తే ఏమయ్యేదో చెప్పండి. కొత్త హెడ్ల ఖర్చు ఎంతవుతుందో చెప్పి అందులో సగం ఆయన్ని భరించమనండి. కొడుకు వాయించడానికి దారి దొరికితే ఆయన పట్టుదల సగం సడలుతుందని నా అంచనా. సడలకపోతే అప్పుడు ముగ్గురూ కూర్చోండి.

అమ్మ దగ్గర ఇంకోలా. ఆమె 'జోలికి రావొద్దు' అంటున్నది ఏ పని గురించో అడగండి. తుడవడమా, వాయించడమా, ఊరు దాటించడమా? మీరు చెప్పకుండా రెండు టామ్‌లను హైదరాబాద్ పట్టుకెళ్లాక ఆమెకు నమ్మకం తగ్గి ఉంటుంది. అవి రెండూ కాకినాడ చేరాకే ఈ మాట ఎత్తండి. మనవడు ఒక్క పాటకు వాయిస్తే వింటారా అని అడిగి చూడండి. కాదంటే మొదటి దారే మీ దారి, బాధపడాల్సిందేమీ లేదు. దసరా బొట్టు మానమని మాత్రం చెప్పొద్దు. ర్యాప్ మీద బదులు స్టాండుకు పెట్టమనండి, ఇనుము మీదిది తడిగుడ్డకే పోతుంది.

నాన్నగారు దేనికి సంతోషించేవారని అడిగారు. ఆయన నాకు తెలియదు, చెప్పలేను. ఆయనతో కలిసి వాయించినవాళ్లు కాకినాడలో ఒకరిద్దరైనా ఉండి ఉంటారు. ఆయన సెట్టును ఎలా చూసుకునేవారో, హెడ్లు తరచూ మార్చేవారా, ఎవరినైనా ముట్టుకోనిచ్చేవారా అని వాళ్లనడగండి, నా కన్నా మంచి జవాబు దొరుకుతుంది.

హెడ్లకు ఆర్డరు ఇచ్చేముందు ప్రతి టామ్‌నూ రెండు వైపులా, ఒక్కో వైపు మూడు నాలుగు చోట్ల అడ్డంగా కొలిచి మిల్లీమీటర్లలో రాసి పంపండి. అరవై ఏళ్ల పలుచని డొల్ల నిండు గుండ్రంగా ఉండకపోవచ్చు, ఒక్క కొలతతో తెప్పిస్తే అదీ ఎక్కకపోయే ప్రమాదం ఉంది.